దుప్పట్లక్క ప్రార్థన

గురువారం సాయంత్రం ప్రార్థన కూడికకు కుర్చీలు వేసేది దుప్పట్లక్కే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పని కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమెకూ ఆ పిలుపు మీద కోపం లేదు. రంగుల దుకాణం పైన గది. గోడవారగా ఒకదాని మీద ఒకటి ఎక్కించిన ప్లాస్టిక్ కుర్చీలను దించి, తడిగుడ్డతో తుడిచి, వరసలు కట్టేది. కింద దుకాణంలోని టర్పెంటైన్ వాసన మెట్లెక్కి వచ్చి పాటలు పాడేటప్పుడు గొంతులో కూర్చునేది. అందుకని వీధి వైపు కిటికీ ఎప్పుడూ బార్లా తీసే ఉంచేవారు.

"ఈ వాసనకే జనం మానేశారేమో" అంది ఆమె, కిటికీ రెక్క కొక్కెం తగిలిస్తూ.

"జనం ఉన్న రోజుల్లోనూ ఇదే వాసన కదా అక్కయ్యా" అన్నాడు రంగులాయన. దుకాణం ఆయనదే, గది కూడా ఆయనదే. కూడిక కోసమని ఊరికే ఇచ్చాడు. "అప్పుడు మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళు."

ఆ రోజు కూడా ఆమె అలవాటు చొప్పున కుర్చీలన్నీ వేసింది. వచ్చినవాళ్ళు మాత్రం ఒక వరసకు కూడా సరిపోలేదు. ఆ కొద్దిమందీ అయినా దగ్గర దగ్గరగా కూర్చోరు. ఖాళీ బస్సు ఎక్కినవాళ్ళలా ఎవరికి వారు ఒక కిటికీయో, ఒక మూలో చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్నది ఒక్క పెద్దమ్మే. ఆవిడకు చెవులు వినపడవు. మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తుందని, తీసి సంచిలో వేసుకుని వచ్చేది. ఎండైనా వానైనా ఒక్క గురువారం మానింది లేదు.

కూడిక నడిపేది పెద్దమాస్టారు. బడి నుంచి రిటైరై చాలా కాలమైనా గొంతు మాత్రం రిటైరు కాలేదు. ఖాళీ కుర్చీల వంక కూడా, పాఠం అప్పజెప్పని పిల్లల వంక చూసినట్టు చూసేవాడు. బైబిలు వాక్యం ముగించి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"ఇలా అయితే లాభం లేదు. హాజరు పిలుద్దాం. రానివాళ్ళ పేర్లు గట్టిగా చదివితే సిగ్గుపడి వస్తారు."

"బడికి సిగ్గుపడి వచ్చేవారా మాస్టారూ?" అన్నాడు రంగులాయన.

"వాళ్ళ నాన్నలు వీపు మీద రెండు వేసి పంపేవారు."

"మరి వీళ్ళ నాన్నల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?"

వెనక నుంచి ఎవరో టీ బిస్కెట్లు ఇద్దామన్నారు. ముందే ఇస్తే తాగి వెళ్ళిపోతారని ఒకరు, చివర ఇస్తే చివరికే వస్తారని ఇంకొకరు. మధ్యలో ఇద్దామని రాజీకి వచ్చేలోపు పెద్దమాస్టారు బల్ల మీద వేలితో కొట్టాడు.

రంగులాయన గొంతు సవరించుకున్నాడు. ఈ మాట చెప్పడం ఆయనకు ఇష్టం లేదని చేతులు నలుపుకోవడంలోనే తెలుస్తోంది. "తప్పుగా అనుకోకండి. వచ్చే గురువారం కూడా ఇలాగే ఉంటే గది నాకు సరుక్కి కావాలి. డబ్బాలు వరండాలో ఎండకు ఉబ్బిపోతున్నాయి. డబ్బాలు బయట, ఖాళీ కుర్చీలు లోపల అంటే ఎలా చెప్పండి."

దుప్పట్లక్క అప్పుడే చివరిదాకా ఆలోచించేసింది. గది పోతే గురువారం పోతుంది. గురువారం పోతే వీళ్ళంతా చెల్లాచెదురవుతారు. ఎవరు జబ్బుపడ్డా ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు ఇంట్లో ఒంటరిగా పడిపోయి, తలుపులు పగలగొట్టేదాకా... ఆమె ఆలోచన ఎప్పుడూ అలాగే పరిగెత్తేది. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే చాలు, ఆమె మనసు అప్పటికే ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి నిలబడేది.

"ఎవరికి ఏం కష్టం వచ్చిందో కనుక్కోవాలి గానీ పేర్లు చదివితే వస్తారా" అంది ఆమె. "నేను వెళతాను ఇంటింటికీ. ఈ వారంలో అందరినీ తీసుకొస్తాను."

"నువ్వే చెయ్యాలమ్మా" అన్నాడు పెద్దమాస్టారు. "నువ్వు ప్రార్థన చేస్తే వినేవాళ్ళకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. ముగింపు ప్రార్థన చెయ్యి."

ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఆమెదే. లేచి నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ దుప్పటి కొసలు పట్టుకున్నట్టు ముందుకు చాచి, గొంతెత్తింది.

"తండ్రీ, కండక్టరు ఇంట్లో నుంచి ఎవరూ రాలేదు. ఆయనకూ వాళ్ళన్నయ్యకూ గోడ దగ్గర గొడవ అని విన్నాను. అది కత్తుల దాకా పోకముందే ఆపు ప్రభువా. లాండ్రీలో నా జోడీ, వదిన, రాలేదు. దాని ఒంట్లో ఏ జబ్బు దాగుందో నీకే ఎరుక, దాన్ని వేళ్ళతో పెకిలించు. నా బిడ్డ కింద మెట్ల దగ్గరే ఉన్నాడు తండ్రీ, పైకి రాడు. పోయిన నెల వాణ్ణి ఎత్తు పని నుంచి కిందికి దించావు, నీకు స్తోత్రం. ఇక తాగుడు వాడి దరి చేరకుండా చూడు. ఆ సీసా వాడి చేతికి అందకముందే పగలగొట్టు..."

ఆమె చెంపల మీద కన్నీళ్ళు. అందులో నటన లేదు. ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటుంటే వాళ్ళకు రాగల ఆపదలన్నీ ఆమెకు కళ్ళ ముందే జరిగిపోయేవి. వాటన్నిటినీ దేవుడి ముందు పెట్టి, ఒక్కటి కూడా మరిచిపోలేదని నమ్మకం కలిగాకే "ఆమేన్" అనేది.

కింద కొడుకు బండి మీద కూర్చుని ఉన్నాడు. లిఫ్టులు బిగించే కంపెనీలో పని. తల్లిని దింపి, మళ్ళీ ఎక్కించుకుని పోవడానికి మెట్ల కింద దాకా ఠంచనుగా వచ్చేవాడు. అంతకు మించి ఒక్క మెట్టు ఎక్కేవాడు కాదు.

"అన్నేసి అంతస్తులు ఎక్కిదిగేవాడివి, ఈ ఒక్క అంతస్తు ఎక్కలేవా నాన్నా?"

"దానికి లిఫ్టు లేదు కదమ్మా" అన్నాడు వాడు బండి స్టార్టు చేస్తూ. మాట హాస్యంగానే ఉంది. పైనున్న కిటికీ వైపు మాత్రం ముఖం తిప్పలేదు.

వెనక ఎక్కి కూర్చున్నాక ఆమె, తెలియనట్టే, ముఖం వాడి కాలరు దగ్గరకు చేర్చి గాలి పీల్చింది. గ్రీజు వాసన, చెమట. అంతే. వాడి భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి.

మర్నాడు లాండ్రీలో డ్రయ్యరు నుంచి వేడి వేడి దుప్పట్లు బల్ల మీద గుట్టగా పడ్డాయి. ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. జోడీ కావాలి. ఈ చివర దుప్పట్లక్క, ఆ చివర వదిన. వరసకు వదినేం కాదు, పక్కపక్కన పని చేస్తూ ఒకరినొకరు వదినా అని వరస కలుపుకున్నారు. కొసలు పట్టుకుని వెనక్కి నడవాలి, ముడతలు పోయేలా బిగించాలి, ఒక్క దులుపు దులపాలి, సగానికి మడిచి ఎదురెదురుగా నడిచి రావాలి. వదిన తన కొసలు ఈమె చేతిలో పెట్టి, వంగి, మడత పడిన అంచు అందుకోవాలి. రోజంతా ఇద్దరూ దూరం జరగడం, దగ్గరికి రావడం. ఇదివరకు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక కబురు దొర్లేది. మడత మడతకూ కథ నడిచేది. కొన్నాళ్ళుగా వదిన వచ్చి, కొసలు ఇచ్చి, వెళ్ళిపోతోంది.

"నిన్న రాలేదేం వదినా?"

"పని ఉంది."

వెనక్కి నడిచారు, బిగించారు, దులిపారు.

"పోయిన నెలంతా పనేనా?"

"అంతే."

మళ్ళీ దగ్గరయ్యారు. వదిన చేతులు తగిలాయి. వెచ్చగానే ఉన్నాయి.

"ఆ గడ్డ రిపోర్టు..."

"అంతా బాగానే ఉంది వదినా" అంది వదిన, మాట పూర్తికానివ్వకుండా. దుప్పటిని దొంతర మీద పెట్టి అరచేత్తో గట్టిగా ఒత్తింది. గాలి బుస్సుమని బయటికి పోయింది.

అంత ముక్తసరిగా "బాగానే ఉంది" అందంటే బాగా లేదన్నమాటే. సాయంత్రం దాకా దుప్పట్లక్క అదే ఆలోచించింది. ఎన్ని నెలలన్నారో డాక్టర్లు. పెళ్ళి కావలసిన పిల్ల ఉంది. తను వెళ్ళి వదిన మంచం పక్కన కూర్చుని ఉన్నట్టు, వదిన ఆ పిల్ల చేతిని తన చేతిలో పెడుతున్నట్టు మొత్తం చూసేసి, ముక్కు చీదుకుంది.

శనివారం కండక్టరు ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన కండక్టరు భార్య నవ్వు ముఖంతోనే ఒక్క క్షణం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తరవాత పక్కకు జరిగి, "రండి అక్కా, రండి" అంటూ టీవీ కట్టేసింది. టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది, ఫ్యాను ఇటు తిప్పింది. కండక్టరు లోపలి నుంచి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"మీ అన్నయ్యగారు ఎలా ఉన్నారు?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు."

"గోడ విషయం..."

"ఏ గోడ?" అన్నాడు కండక్టరు. ఎదురుగా కిటికీలోంచి సగం కట్టి ఆపేసిన గోడ కనబడుతూనే ఉంది. ముగ్గురూ దాని వంక చూడకుండా టీ తాగారు.

"గురువారం రావాలి. గది పోయేలా ఉంది."

"తప్పకుండా చూస్తాం."

"పోనీ వెళ్ళేముందు చిన్న ప్రార్థన చేసుకుందామా?"

భార్యాభర్తలు ఇద్దరూ ఒక్కసారే, ఒక్క గొంతుతో, "ఇప్పుడే చేసుకున్నాం" అన్నారు.

ఆ పూటంతా ఏ ఇంటికి వెళ్ళినా అదే వరస. మంచినీళ్ళు, కుర్చీ, మర్యాద. ఒంట్లో బాగుందా అంటే బాగుంది. పిల్లల చదువు బాగుంది, కోడలు బాగుంది, కోడలి మోకాలు కూడా బాగుంది. ఇన్నేళ్ళలో ఆమె ఇంతమంది క్షేమంగా ఉండడం ఎప్పుడూ వినలేదు. మనిషి అన్నాక ఒక్క కష్టమైనా ఉండదా? ఉన్నదాన్ని తనకు చెప్పడం లేదంటే అది చెప్పలేనంత పెద్దదై ఉండాలి. ఇంటికి వచ్చేసరికి ఆమెకు జ్వరం వచ్చినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. రమ్మనడానికి కాదు, ఆవిడ ఎలాగూ వస్తుంది. మనసు బరువు దించుకోవడానికి. పెద్దమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుడు కాయలకు ఈనెలు తీస్తోంది. చెవి మిషను గూట్లో ఉంది. దుప్పట్లక్క దాన్ని తెచ్చి ఇచ్చింది. అది కుయ్యిమంది. పెద్దమ్మ విసుక్కుంటూ తగిలించుకుంది.

"ఎవరూ రావడం లేదు పెద్దమ్మా. అందరూ మానేశారు. మీరొక్కరే మానలేదు."

"నేనెందుకు మానలేదో తెలుసా పిల్లా?"

"భక్తి పెద్దమ్మా."

"భక్తి లేదు, బెల్లం లేదు. నాకు నీ ప్రార్థన వినపడదు. అందుకు."

దుప్పట్లక్క చేతిలో చిక్కుడు కాయ అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ నవ్వుతుందేమోనని చూసింది. ఆవిడ నవ్వడం లేదు. కోపంగానూ లేదు. ఒక ఈనె తీసి పక్కన పెట్టి, ఇంకో కాయ అందుకుంది.

"మా కోడలు నా పక్కన కూర్చుని నువ్వనేదంతా నా చెవిలో చెప్పేది. ఒక రోజు చెప్పడం ఆపేసింది. ఏమందే అంటే, మన సంగతే అత్తయ్యా అంది. మా వాడికి ఉద్యోగం ఊడిందని వీధి వీధంతా ఆ రోజే తెలిసింది. ఆ కిటికీ తెరిచే ఉంటుంది కదా. అప్పటి నుంచి అది రాదు."

"నేను దేవుడికి చెప్పాను పెద్దమ్మా. వేరే ఎవరికీ చెప్పలేదు."

"దేవుడికి నా అంత చెవుడు ఉందనుకున్నావా, అంత గట్టిగా చెబుతావు?"

పెరట్లో బట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి. దుప్పట్లక్క వాటి వంక చూస్తూ కూర్చుంది. క్లిప్పు ఊడి ఒక తువ్వాలు కిందపడేలా ఉంది, లేచి పెట్టాలని కూడా తోచలేదు.

"నువ్వు కళ్ళు మూసుకుంటావు" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "నేను మూసుకోను. వినపడనిదాన్ని, కళ్ళు కూడా మూసుకుంటే నాకేం మిగులుతుంది. తల తిప్పి అందరి ముఖాలూ చూస్తుంటాను. ఆ మధ్య ఒక రోజు నువ్వు ఏమన్నావో నాకు తెలియదు. నీ జోడీ కూతురు ఉంది చూడు, ఆ పిల్ల టక్కున కళ్ళు తెరిచి వాళ్ళమ్మ వంక చూసింది. ఆ చూపు చూశాను. వాళ్ళమ్మ తలొంచుకుంది. అంతే, ఆ పిల్ల ఏడుస్తూ లేచి వెళ్ళిపోయింది."

ఆ రోజు దుప్పట్లక్కకు బాగా గుర్తుంది. ఆ ఏడుపు విని, పిల్ల మనసు దేవుడు కరిగించాడని సంబరపడి, ఇంకొంచెం గొంతు పెంచింది. పై వారం కూడికలో, దేవుడు చేసిన మేలని దాన్ని సాక్ష్యంగా కూడా చెప్పింది.

సోమవారం లాండ్రీలో మొదటి దుప్పటి అందుకుని ఇద్దరూ వెనక్కి నడిచారు. బిగించారు. దుప్పట్లక్క దులపలేదు. అలా పట్టుకునే నిలబడింది.

"వదినా. నీ పిల్లకు ఆ సంగతి అంతకుముందు తెలియదా?"

వదిన కొసలు వదిలేసింది. దుప్పటి నేలకు జారింది. ఉతికిన దుప్పటి నేల మీద పడితే మళ్ళీ ఉతకాల్సిందే, ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ వంగలేదు.

"రిపోర్టు వచ్చాక, ఇంట్లో, పక్కన కూర్చోబెట్టుకుని చెబుదామనుకున్నాను" అంది వదిన. "ఎలా చెప్పాలో మాటలు కూడా పేర్చుకున్నాను. నీకెందుకు చెప్పానంటే, ఒక్కదాన్నీ మోయలేక. ఇదిగో, ఈ దుప్పటి అవతలి కొస పట్టుకున్నట్టు పట్టుకుంటావని. నువ్వు నలుగురిలో నిలబడి, నా పిల్ల గురించి, తల్లి లేని ఈ పిల్లను ఏం చేస్తావు ప్రభువా అన్నావు. నేను పక్కనే బతికుండగా."

"అలా అన్నానా?"

"అన్నావు. అది వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు కాక అందరికీ చెప్పావంటుంది. అన్నం ముందు కూర్చుని నా వంక చూసి లేచిపోయేది."

"రిపోర్టు..."

"ఏం లేదు. ఉత్త కొవ్వు గడ్డ. తీయాల్సిన పని కూడా లేదన్నారు."

దుప్పట్లక్క బల్ల అంచు పట్టుకుంది. సంతోషమో సిగ్గో తేలలేదు. "మరి నాకు చెప్పలేదేం వదినా? నేను రోజూ నీ గురించే చచ్చిపోతున్నాను."

"చెబితే దానికి కూడా ఒక ప్రార్థన చేస్తావని."

అన్నాక వదినకే నవ్వొచ్చింది. ఆపుకోబోయి ముక్కుతో నవ్వింది. దుప్పట్లక్క మాత్రం నవ్వలేదు. వంగి దుప్పటి ఎత్తి, ఉతకాల్సిన బుట్టలో వేసింది. వెనక నుంచి వదిన గొంతు వినపడింది: "నువ్వు మంచిదానివే వదినా. అదే వచ్చింది చిక్కు. చెడ్డదానివైతే ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని."

ఆ సాయంత్రం కొడుకు పెందరాళే ఇంటికొచ్చాడు. భర్త వేకువనే పాల వ్యాను తీయాలి కాబట్టి అప్పటికే తిని, లోపల గురక అందుకున్నాడు. కొడుకు వంటింటి పీట మీద కూర్చుని గోళ్ళలో గ్రీజు సబ్బుతో తోముకుంటున్నాడు. చాలా రోజులుగా వాడి చేతులకు నల్లటి మసి లేదని, ఉత్త నూనె జిడ్డే ఉంటోందని ఆమె అప్పుడే గమనించింది.

"నువ్వు కూడికకు ఎందుకు రావో నేను అడగను" అంది. "నా వల్లేనా, కాదా. అది ఒక్కటి చెప్పు."

వాడు సబ్బు పక్కన పెట్టాడు.

"రంగులాయన నన్ను ఎప్పుడు చూసినా కౌగిలించుకుంటున్నాడమ్మా."

"ప్రేమ నాన్నా."

"ప్రేమ కాదు. వాసన చూస్తున్నాడు. కౌగిలించుకుని, ఇలా మెడ దగ్గర గట్టిగా ఊపిరి పీల్చి, బాగున్నావా బాబూ అంటాడు. మాస్టారు కనబడితే చేతులు వణుకుతున్నాయేమో చూస్తాడు. నేను ఆ సీసా మూత కూడా తీసి ఎరగను."

ఆమెకు తన ముక్కు వాడి కాలరు దగ్గర పెట్టిన సంగతి గుర్తొచ్చింది.

"అది పోనీలే" అన్నాడు వాడు. "లిఫ్టు తలుపులకు వేసే రంగు కోసం మా సూపర్‌వైజరు ఒక గురువారం ఆ దుకాణానికి వచ్చాడు. పైనుంచి నువ్వు, నా కొడుకు లిఫ్టు తాళ్ళ మధ్య పని, తాగుడు అంటూ... మర్నాడు నన్ను పిలిచి, ఎత్తు పని కొన్నాళ్ళు వద్దులే, కింద తలుపులకు నూనె వెయ్యి అన్నాడు. ఎందుకని అడిగితే, మీ అమ్మ బాధ చూడలేకపోయానయ్యా అన్నాడు. నాతో చేరినవాళ్ళంతా పైన మోటార్లు బిగిస్తున్నారు. నేను గ్రౌండు ఫ్లోరులో తలుపులు తీసి మూస్తున్నాను."

వాడిని కిందికి దించినందుకు నెల రోజులుగా ఆమె దేవుడికి స్తోత్రాలు చెల్లిస్తోంది. గట్టిగా, కిటికీ తెరిచి పెట్టి.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదమ్మా, కింద ఉన్నానని." వాడు చేతులు కడుక్కుని లేచాడు. "ఇన్నేళ్ళలో నువ్వు కంటినిండా నిద్రపోయింది ఈ నెలే."

బుధవారం ఆమె పని నుంచి వస్తూ రంగుల దుకాణం ముందు ఆగింది. రంగులాయన డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి, కర్రపుల్లతో రంగు కలుపుతున్నాడు.

"మా వాడికి తాగుడు లేదన్నయ్యా. ఎప్పుడూ లేదు. నా భయానికి నేను అన్న మాట అది. మీరంతా నిజమనుకున్నారు. తప్పు మీది కాదు."

కర్రపుల్ల ఆగిపోయింది. రంగులాయన ముఖం కలుపుతున్న రంగు కంటే ఎర్రబడింది.

"వాణ్ణి చూసినప్పుడల్లా వాసన చూశాను అక్కయ్యా" అన్నాడు చివరికి. "గ్రీజు తప్ప ఏమీ రాలేదు. వీడు బాగా ముదిరినవాడు, ఏదో నమిలి వస్తున్నాడనుకున్నాను." పుల్లను డబ్బా అంచుకు రాసి రంగు కారనిచ్చాడు. "ఆ సూపర్‌వైజరు రేపు పొద్దున వస్తాడు, బూడిదరంగు ఆర్డరు ఉంది. నేనే చెబుతాను. నా ముక్కు సాక్ష్యం అని చెబుతాను."

"వాణ్ణి మళ్ళీ ఎత్తు పనికి పంపమని చెప్పండి" అంది దుప్పట్లక్క. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చేసరికి తాళ్ళ మధ్య వేలాడుతున్న కొడుకు కళ్ళ ముందు కనిపించాడు. అయినా వెనక్కి తీసుకోలేదు.

గురువారం ఆమె కుర్చీలన్నీ దించలేదు. కావలసినన్నే దించి, వరస కట్టకుండా, ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత దగ్గరగా గుండ్రంగా వేసింది. తక్కినవి గోడవారగా అలాగే ఉంచింది. తరవాత వెళ్ళి వీధి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టింది. వచ్చినవాళ్ళంతా ఒకసారి దగ్గి, ఆ కిటికీ వంక చూసి, ఏమీ అనకుండా కూర్చున్నారు.

ఇంటింటికీ తిరిగినందుకు కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పాట సగంలో ఉండగా తలుపు దగ్గర వదిన నిలబడింది. పక్కన కూతురు. పిల్ల ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. లోపలికి వస్తానో రానో అన్నట్టు ఒక కాలు గుమ్మం బయటే ఉంచింది.

పెద్దమాస్టారు పాట ఆపి కళ్ళజోడు సర్దుకున్నాడు. "రండి రండి. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారో ముందుగా అందరికీ..."

"మాస్టారూ, ముందు కుర్చీ ఇద్దాం" అంది దుప్పట్లక్క, గబుక్కున లేచి. తన కుర్చీ పిల్లకిచ్చింది, గోడవార నుంచి వదినకొకటి, తనకొకటి దించింది. మాస్టారి నోటి దాకా వచ్చిన ప్రశ్న అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ప్రశ్నకు ఎవరూ అలా అడ్డురాలేదు. ఒక్క క్షణం ఆలోచించి, పాట ఆపిన చోటి నుంచి అందుకున్నాడు.

చివరికి అందరూ తలలు వంచారు. దుప్పట్లక్క లేచి నిలబడింది. చేతులు చాచింది. కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేదు.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఆ ముఖాలను ప్రార్థనలో చూసింది. దెబ్బ పడుతుందని తెలిసినవాళ్ళు ఒంగినట్టు ఒంగి ఉన్నారు. రంగులాయన కనుబొమలు ముడిపడి ఉన్నాయి. వదిన సంచి కాడను వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. పిల్ల కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, ఎప్పుడైనా లేచి పోవడానికి సిద్ధంగా. పెద్దమ్మ ఒక్కతే ఎదురు కుర్చీలోంచి, తీరిగ్గా, కళ్ళు విప్పార్చి ఆమెనే చూస్తోంది.

"తండ్రీ" అంది దుప్పట్లక్క. గొంతు ఆమెకే కొత్తగా తోచేంత చిన్నగా వచ్చింది. "వీళ్ళందరూ నీకు తెలుసు. ఎవరికి ఏం కావాలో నేను చెప్పక్కర్లేదు. నాకు భయం ఎక్కువ. అది నాది. దాన్ని మాత్రం చూసుకో. ఆమేన్."

ఎవరూ తలెత్తలేదు. అయిపోయిందని నమ్మలేదు. ఇది ఊపిరి తీసుకోవడానికి ఆగిందనుకున్నారు. అసలుది ఇంకా రావలసి ఉందనుకుని అలాగే కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. గది నిండా టర్పెంటైన్ వాసన. కింద వీధిలో ఏదో బండి హారను, మూసిన కిటికీ వెనక, దూరంగా.

"అయిపోయిందా?" అంది పెద్దమ్మ, వినపడనివాళ్ళకుండే పెద్ద గొంతుతో.

ముందు పిల్ల కిసుక్కున నవ్వింది. వదిన నవ్వింది. వదిన వేళ్ళు సంచి కాడను వదిలాయి.

అప్పుడే మెట్ల మీద దడదడమని అడుగులు. ఎవరో రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కుతున్నట్టు. తలుపు భళ్ళున తెరుచుకుంది. దుప్పట్లక్క కొడుకు, బండి తాళాలు చేతిలో, ఊపిరి అందక గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. గదంతా కళ్ళతో వెతికి తల్లి దగ్గర ఆగాడు.

"అమ్మా, ఏమైంది? నీకేమైనా అయిందా?"

"నాకేమవుతుంది నాన్నా?"

"నీ గొంతు వినపడలేదు. కిటికీ మూసుంది. ఎంతసేపు చూసినా వినపడలేదు. ఊపిరాడక పడిపోయావేమో, వీళ్ళెవరూ కళ్ళు మూసుకుని చూడలేదేమో అని..."

అన్నాక, అందరూ తననే చూస్తున్నారని తెలిసి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ భయం ఎవరి పోలికో చెప్పక్కర్లేదు" అంది వదిన.

పెద్దమాస్టారు నోరు తెరిచాడు. ఇంతకాలం ఎందుకు రాలేదని అడగడానికే అయి ఉంటుంది. దుప్పట్లక్క వంక చూసి మళ్ళీ మూసుకుని, "కూర్చో బాబూ" అన్నాడు.

రంగులాయన లేచి రెండు చేతులూ చాచి, సగంలో గుర్తొచ్చి, ఒక చెయ్యి దించేసి, రెండోది కరచాలనానికి ముందుకు పెట్టాడు. "మీ సూపర్‌వైజరు పొద్దున వచ్చాడు. చెప్పాను. సోమవారం నుంచి పైకే అన్నాడు." ఆ తరవాత గుండ్రంగా ఉన్న కుర్చీల వంక, మూసిన కిటికీ వంక చూశాడు. "గాలి ఆడటం లేదు. ఒక ఫ్యాను పెట్టిస్తాను. డబ్బాల సంగతి తరవాత చూద్దాం."

కొడుకు గోడ దగ్గరకు వెళ్ళి ఒక కుర్చీ దించాడు. అరచేత్తో దుమ్ము తుడిచి, పిల్లకూ పెద్దమ్మకూ మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుని తట్టింది.

దుప్పట్లక్క నిలబడే ఉంది. సోమవారం నుంచి పైకే. ఎన్నో అంతస్తు? తాడు కొత్తదా పాతదా? వాన పడితే? ఒకదాని వెనక ఒకటి అన్నీ నోటి దాకా వచ్చాయి. పెదవులు కదిలాయి కూడా. వదిన అది చూసి కళ్ళతోనే అడిగింది, ఏమిటని.

"ఏం లేదు" అంది దుప్పట్లక్క. మిగతాదంతా లోపలే, దేవుడికి మాత్రమే వినపడేటంత చిన్నగా చెప్పుకుంటూ, వదిన పక్కన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.